చందమామలో కుందేలు, చంద్రుడిపై విక్రమ్: పిల్లల ప్రశ్నకు కథ ఎంతవరకు, శాస్త్రం ఎక్కడినుంచి?

2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ ల్యాండర్ చంద్రుడి నేల మీద వాలినప్పుడు ఇంటిల్లిపాదీ టీవీ ముందు చప్పట్లు కొడుతుంటే, అప్పటికి ఆరేళ్లు నిండిన మా మనవరాలు మాత్రం తెరకు బాగా దగ్గరగా జరిగి, "తాతయ్యా, అది కుందేలు ఉన్న చోటేనా, వేరే చోటా?" అని అడిగింది. ఆ పిల్ల అడిగినదానిలో ఎగతాళి లేదు, సందేహం కూడా లేదు. రోజూ పెరుగన్నం ముద్దతో పాటు వింటున్న కుందేలూ నిజమే, టీవీలో కనిపిస్తున్న ల్యాండరూ నిజమే. రెండింటి చిరునామాలు ఒకటో కాదో తెలిస్తే చాలు. చిక్కంతా పెద్దవాళ్లది. కుందేలు లేదంటే ఇన్నాళ్లూ చెప్పింది అబద్ధమవుతుందేమోనన్న జంకు ఒకవైపు, ఉందంటే రేపు బడిలో పిల్ల నవ్వులపాలవుతుందేమోనన్న బెంగ మరోవైపు. గ్రహణం వచ్చిన ప్రతిసారీ, వినాయక చవితి వచ్చిన ప్రతి ఏడాదీ ఇదే తడబాటు తెలుగిళ్లలో మళ్లీ తలెత్తుతుంది.

ఒకే మూటలో కట్టిన నాలుగు రకాల మాటలు

చంద్రుడి గురించి ఇంట్లో పిల్లలకు చేరే మాటలన్నింటినీ "మన సంప్రదాయం" అనే ఒక్క మూటలో కట్టేయడం వల్లే సగం గందరగోళం పుడుతోంది. ఆ మూట విప్పితే నాలుగు వేర్వేరు రకాలు కనిపిస్తాయి. మొదటిది బంధుత్వం. పాలకడలిని చిలికినప్పుడు లక్ష్మీదేవితో పాటు చంద్రుడూ పుట్టాడు గనుక, లోకమాతకు తోబుట్టువైనవాడు లోకంలోని పిల్లలందరికీ మేనమామ అయ్యాడు. ఇది వరుస కలుపుకోవడమే తప్ప దేన్నీ రుజువు చేయబోదు. రెండవది కారణ కథ, అంటే కంటికి కనిపించే ఒక వింతకు కారణం చెప్పే కథ. మచ్చకు కుందేలు, తరుగుదలకు దక్షుడి శాపం, గ్రహణానికి రాహువు ఈ కోవలోవి. మూడవది ఆచారం: చవితినాడు చంద్రుణ్ణి చూడకూడదు, అట్ల తద్దినాడు చూశాకే తినాలి వంటివి.

నాలుగవది లెక్క. తిథి, పక్షం, నక్షత్రం, అధికమాసం ఈ రకానికి చెందుతాయి. ఇవి కథలు కావు. తరతరాల ఆకాశ పరిశీలన మీద నిలబడిన గణితం. లెక్కను కూడా కథలతో కలిపి మూఢనమ్మకమని తోసేయడం ఎంత పొరపాటో, లెక్క సరిగ్గా ఉంది కాబట్టి కథలన్నీ దాచిపెట్టిన శాస్త్రమేనని వాదించడం కూడా అంతే పొరపాటు. ఏ మాట ఏ రకానిదో పెద్దవాళ్లకు స్పష్టంగా ఉంటే పిల్లల ప్రశ్నల్లో చాలావాటికి చిక్కు దానంతటదే విడిపోతుంది.

నెల అనే మాటలోనే చంద్రుడున్నాడు

తెలుగులో "నెల" అంటే మాసం, "నెల" అంటే చంద్రుడు కూడా. నెలవంకలోనూ వెన్నెలలోనూ నెలరాజులోనూ ఉన్నది ఆ రెండో అర్థమే. కాలాన్ని చంద్రుడితో కొలిచిన జాతి తన కొలబద్దకు ఆ పేరే పెట్టుకుందన్న సంగతి రెండో తరగతి పిల్లలకు కూడా అందుతుంది, క్యాలెండరు కాగితం మీద అమావాస్య, పౌర్ణమి గుర్తులు చూపిస్తే ఇంకా తొందరగా అందుతుంది.

అక్కడినుంచి లెక్క మొదలవుతుంది. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజులు పడుతుంది. ఆకాశంలో సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఉండే కోణం ఈ కాలంలో సున్నా నుంచి 360 డిగ్రీల దాకా పెరుగుతుంది. ఆ 360ని 30 భాగాలు చేస్తే ఒక్కో భాగం 12 డిగ్రీలు, అదే ఒక తిథి. చంద్రుడు భూమికి దగ్గరగా ఉన్నప్పుడు వేగంగా, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా కదులుతాడు కాబట్టి ఆ 12 డిగ్రీలు దాటడానికి ఒకసారి దాదాపు 20 గంటలు, ఇంకోసారి 26 గంటలు పట్టవచ్చు. తిథి మధ్యాహ్నమో అర్ధరాత్రో మారడానికి, ఒక్కోసారి పండుగ ఏ రోజన్న వివాదం రేగడానికి కారణం ఇదే.

ఇదే 12 డిగ్రీలతో మరో లెక్క చూడవచ్చు. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. చంద్రుడు రోజుకు సుమారు 12 డిగ్రీలు తూర్పుకు జరిగిపోతే, అతణ్ణి అందుకోవడానికి భూమి అదనంగా మరో 50 నిమిషాలు తిరగాలి. అందువల్ల చంద్రోదయం రోజురోజుకూ సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పౌర్ణమినాడు సూర్యుడు అస్తమించే వేళకు తూర్పున కనిపించిన మామ, బహుళ తదియనాటికి రాత్రి ఎనిమిది ప్రాంతానికి గానీ రాడు. ఆశ్వయుజ బహుళ తదియ అట్ల తద్ది. తెల్లవారుజామునే చద్ది తిని, పగలంతా ఉయ్యాలలూగి, అట్లు ముందు పెట్టుకుని ఆడపిల్లలు తూర్పు దిక్కుకేసి ఎదురుచూసే ఆ రెండు గంటలూ ఈ లెక్క పెట్టిన ఎదురుచూపే.

కాస్త పెద్ద పిల్లలు ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వేస్తారు: తిథులు 30 అయితే నక్షత్రాలు 27 ఎందుకు? నక్షత్రాల నేపథ్యంలో చంద్రుడు ఒక చుట్టు తిరిగి మొదటి చోటికి రావడానికి 27.3 రోజులు చాలు, అందుకే రోజుకొక మజిలీగా 27 నక్షత్రాలు. అయితే ఆ 27 రోజుల్లో సూర్యుడు కూడా ఆకాశంలో రోజుకు సుమారు ఒక డిగ్రీ చొప్పున ముందుకు జరిగి ఉంటాడు, కాబట్టి చంద్రుడు మళ్లీ సూర్యుణ్ణి కలిసి అమావాస్య కావడానికి మరో రెండు రోజుల పైచిలుకు కావాలి. గడియారంలో పెద్దముల్లు ఒక చుట్టు తిరిగి పన్నెండు మీదికి వచ్చేసరికి చిన్నముల్లు కాస్త ముందుకు జరిగి ఉండడం లాంటిదే ఇది.

కొబ్బరికాయ, నిమ్మకాయ, నాలుగడుగుల పొరపాటు

చంద్రకళల గురించి పిల్లలకే కాదు, చదువుకున్న పెద్దవాళ్లకు కూడా ఉన్న అతి సాధారణమైన అపోహ ఏమిటంటే, భూమి నీడ పడడం వల్ల చంద్రుడు సగంగానో వంకగానో కనిపిస్తాడన్నది. కాదు. చంద్రుడిలో సూర్యుడివైపు ఉన్న సగం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ఆ వెలిగే సగంలో మనవైపు ఎంత తిరిగి ఉందన్నదే కళ. విక్రమ్ దిగిన సాయంత్రాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆ రోజు నిజ శ్రావణ శుద్ధ సప్తమి. సూర్యుడు పడమట దిగిపోతుండగా దాదాపు సగం చంద్రుడు దక్షిణ దిక్కున ఉన్నాడు. భూమి నీడ ఎప్పుడూ సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున, అంటే ఆ వేళకు తూర్పున పడుతుంది. దక్షిణాన ఉన్న చంద్రుడి మీద తూర్పున ఉన్న నీడ పడే వీలే లేదు.

మరి నీడ పడేది ఎప్పుడు? దీనికి మా వంటింట్లోంచి తెచ్చుకున్న సరుకులు రెండు: పీచు తీసిన పెద్ద కొబ్బరికాయ, ఒక నిమ్మకాయ. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు, చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లు. 12 సెంటీమీటర్ల కొబ్బరికాయను భూమి అనుకుంటే మూడు సెంటీమీటర్ల చిల్లర ఉండే నిమ్మకాయ చంద్రుడికి సరిగ్గా సరిపోతుంది. రెండింటినీ ఎంత దూరంలో పెట్టాలో చూపమంటే మనవరాలు కొబ్బరికాయకు జానెడు దూరంలో పెట్టింది, వాళ్ల నాన్న కాస్త ఆలోచించి నాలుగడుగులు జరిపాడు. అసలు దూరం సగటున 3,84,400 కిలోమీటర్లు, అంటే దాదాపు 30 భూములు వరసగా పేర్చినంత. మన కొలతలో అది మూడున్నర మీటర్ల పైమాటే. నిమ్మకాయ హాలు దాటి గుమ్మం దగ్గరికి పోయింది. పాఠ్యపుస్తకంలో భూమి, చంద్రుడు ఒకే పేజీలో పక్కపక్కన ఇమిడిపోవడం చూసిన కళ్లకు ఆ దూరం నమ్మబుద్ధి కాదు.

ఈ దూరం తెలిశాక గ్రహణం సులువవుతుంది. చంద్రుడి కక్ష్య సూర్యుడి దారికి సుమారు 5 డిగ్రీలు వంగి ఉంది. అంత దూరంలో 5 డిగ్రీలంటే మన నిమ్మకాయ దాదాపు ఒక అడుగు పైకో కిందికో పోగలదు. అక్కడ కొబ్బరికాయ చిక్కటి నీడ వెడల్పు 9 సెంటీమీటర్లకు మించదు. కాబట్టి చాలా పౌర్ణములకు చంద్రుడు నీడకు పైనుంచో కిందనుంచో తప్పించుకుపోతాడు. ఆ రెండు దారులూ ఒకదాన్నొకటి ఖండించే రెండు బిందువుల దగ్గర పౌర్ణమి వస్తేనే చంద్రగ్రహణం, అమావాస్య వస్తేనే సూర్యగ్రహణం.

రాహుకేతువులు: పాము తలా, లెక్కలో బిందువా?

ఆ రెండు ఖండన బిందువుల పేర్లే మన జ్యోతిర్గణితంలో రాహువు, కేతువు. అమృతం పంచుతుండగా దేవతల పంక్తిలో దొంగచాటుగా కూర్చున్న రాక్షసుణ్ణి సూర్యచంద్రులు పట్టిస్తే, మోహిని రూపంలోని విష్ణువు తల నరికాడని, ఆ తలే పగబట్టి వాళ్లను మింగుతుంటుందని పురాణ కథ. పిల్లలకు ఈ కథలో బాగా నచ్చే భాగం మింగిన చంద్రుడు తెగిన గొంతులోంచి బయటికి వచ్చేయడం. గ్రహణం ఎందుకు విడుస్తుందన్నదానికి ఇంతకన్నా చమత్కారమైన జవాబు దొరకదు.

అయితే సా.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే, సూర్యుణ్ణి కప్పేది చంద్రుడని, చంద్రుణ్ణి కప్పేది భూమి నీడ అని ఆర్యభటుడు స్పష్టంగా రాశాడు. అంటే కథా లెక్కా పదిహేను వందల ఏళ్లుగా ఒకే దేశంలో పక్కపక్కనే బతికాయి. 2025 సెప్టెంబరు 7 రాత్రి వచ్చిన సంపూర్ణ చంద్రగ్రహణంలో కూడా అదే జరిగింది. రాత్రి 11 గంటల నుంచి 12 గంటల 22 నిమిషాల దాకా చంద్రుడు పూర్తిగా నీడలో ఉన్నాడు. నీడలో ఉన్నా కనబడకుండా పోకుండా రాగి రంగు తేలాడు, ఎందుకంటే భూమి వాతావరణం గుండా వంగి వెళ్లిన సూర్యకాంతిలో ఎరుపు మాత్రమే అంత దూరం మిగులుతుంది. ఆలయాలు గ్రహణానికి తలుపులు మూసుకోవడం రివాజు కాగా, రాహుకేతు పూజలకు పేరుపడ్డ శ్రీకాళహస్తి ఆలయం మాత్రం గ్రహణవేళా తెరిచే ఉంటుంది. చంద్రగ్రహణాన్ని ఉత్త కళ్లతో చూడడం వల్ల కంటికి ఏ హానీ లేదు. ఆ హాని ఉన్నది సూర్యగ్రహణానికి. పిల్లల్ని రెండింటికీ ఒకేలా గదిలో పెట్టి తలుపేయడం వల్ల ఈ తేడా వాళ్లకు ఎప్పటికీ తెలియకుండా పోతుంది.

కుందేలు నిజానికి చల్లారిన లావా

ఇక మనవరాలి ప్రశ్న. చంద్రుడికి సంస్కృతంలో శశి, శశాంకుడు అన్న పేర్లు కుందేటి వల్లనే వచ్చాయి. ఆకలిగొన్న అతిథికి పెట్టడానికి ఏమీ లేక తానే నిప్పులో దూకిన కుందేలు బొమ్మను ఇంద్రుడు చంద్రుడి మీద గీశాడని బౌద్ధ జాతక కథ చెబుతుంది. పంచతంత్రంలోని కుందేలు కొలనులో చంద్రుడి నీడను చూపించి ఏనుగుల మందను బెదరగొట్టింది. చైనాలో అది మందు నూరే కుందేలు, జపానులో పిండి దంచే కుందేలు. బెంగాలీ పిల్లలకు అక్కడ కనిపించేది రాట్నం వడికే అవ్వ. ఒకే మచ్చలో ఇందరికి ఇన్ని కనిపించడానికి కారణం, అరకొర గీతల్లో కూడా తెలిసిన రూపాన్ని వెతుక్కునే మన మెదడు స్వభావం. మబ్బులో ఏనుగును చూపించేదీ అదే.

మచ్చలు మాత్రం కల్పన కాదు. కోట్ల సంవత్సరాల కింద పెద్ద ఉల్కలు తవ్విన మహాగుంతల్లోకి లోపలి నుంచి లావా ఉబికి వచ్చి, నల్లటి బసాల్టు రాయిగా గడ్డకట్టింది. పాతకాలపు ఖగోళజ్ఞులు వాటిని నీళ్లనుకుని సముద్రాలని పేరుపెట్టారు, ఆ పేర్లే నిలిచిపోయాయి. కుందేలు తలగా చాలామంది గుర్తుపట్టేది ప్రశాంతి సముద్రం. 1969 జులై 20న అపోలో 11 దిగింది అక్కడే, అంటే సరిగ్గా కుందేలు తల మీద. దిగడానికి కొన్ని గంటల ముందు భూమి మీది కేంద్రం వాళ్లు చైనా కథలోని కుందేలు సంగతి చెప్పి కాస్త కనిపెట్టి చూడమన్నారని, వ్యోమగాములు సరేనని సరదాగా బదులిచ్చారని నాటి సంభాషణల రికార్డులో ఉంది. 2013లో చైనా తన రోవరుకు యూతు, అంటే పచ్చరాతి కుందేలు, అని పేరు పెట్టింది.

విక్రమ్ దిగింది మాత్రం కుందేలు దగ్గర కాదు. అది దక్షిణాన దాదాపు 69 డిగ్రీల అక్షాంశం దగ్గర, తెల్లగా మెరిసే ఎత్తు నేలల మీద వాలింది. కాబట్టి పిల్ల అడిగినదానికి సూటి జవాబు "వేరే చోట" అన్నదే. చల్లని మామ అన్న మాటను కూడా ఆ ల్యాండరే కొలిచి చూసింది: పైపొరలో 50 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి, కేవలం 8 సెంటీమీటర్ల లోతుకు పోతే సుమారు మైనస్ 10. చల్లదనం ఉన్నది వెన్నెల తాకే మన కంటిలోనే.

రోహిణి మీద మోజు

కారణ కథలన్నింటిలో ఆకాశానికి అతి దగ్గరగా నడిచేది దక్షుడి శాపం. దక్షుడి 27 మంది కూతుళ్లను పెళ్లాడిన చంద్రుడు రోహిణి ఇంటనే ఉండిపోతున్నాడని మిగతావాళ్లు తండ్రికి మొరపెట్టుకున్నారు. క్షయరోగంతో తరిగిపొమ్మని దక్షుడు శపించాడు, ఆపైన శాపం సగానికి తగ్గి తరగడం పెరగడంగా మారింది. ఇందులో 27 ఎక్కడిదో ఇంతకుముందే చూశాం. రోహిణి మీది మోజుకు కూడా ఆకాశంలో ఆనవాలుంది: ఆ ఎర్రటి చుక్క చంద్రుడి దారికి ఎంత దగ్గరగా ఉందంటే, కొన్నేళ్లపాటు ప్రతి చుట్టులోనూ చంద్రుడు దాన్ని పూర్తిగా కప్పేస్తాడు. 2015 నుంచి 2018 వరకు అలాగే కప్పాడు. కక్ష్య వంపు 18.6 ఏళ్లకొకసారి చుట్టు తిరుగుతుంది కాబట్టి ఆ ముచ్చట కూడా అంతే విరామంతో మళ్లీ వస్తుంది. కథ కట్టినవాళ్లు ఆకాశం చూసే కట్టారనడానికి ఇది చాలు. కళలకు కారణం వాళ్లకు తెలుసుననడానికి మాత్రం చాలదు.

చవితి చంద్రుడి కథ ఇలా కాదు. వినాయకుణ్ణి చూసి నవ్విన చంద్రుడికి శాపం తగలడం, పాలు పితుకుతూ పాలలో చవితి చంద్రుణ్ణి చూసిన కృష్ణుడి మీద శమంతకమణి నింద పడడం, ఇవన్నీ మనిషి రూపాన్ని వెక్కిరించడం గురించి, తప్పుడు నిందల గురించి. వీటిలో ఖగోళ విశేషం వెతికితే దొరకదు, దొరకనవసరమూ లేదు. భాద్రపద శుద్ధ చవితినాటి చంద్రుడు మామూలు వంక. సూర్యాస్తమయం తరువాత రెండు మూడు గంటల్లో తానే దిగిపోతాడు. అక్షతలు నెత్తిన వేసుకుని కథ వింటే దోషం పోతుందన్న వెసులుబాటును కూడా ఆచారమే ఇచ్చింది.

కథ మాన్పించాలా, దాచిన శాస్త్రమనాలా?

కథలు తగ్గించాలనేవారి వాదనలో బలం లేకపోలేదు. 1996లో ప్రచురితమైన ఒక అధ్యయనం హైదరాబాదు చిన్నారులను భూమి, సూర్యుడు, చంద్రుల గురించి అడిగి తెలుసుకుంది. బడిలో విన్నదానితో ఇంట్లో విన్నదాన్ని కలిపి, భూమి నీళ్ల మీద నిలబడి ఉందన్నట్టు ఊహించుకున్న పిల్లలు అందులో ఉన్నారు. అంటే కథ చెవిదాటి పోదు, ఊహలో కూర్చుంటుంది. గ్రహణవేళ గర్భిణులను గదికి పరిమితం చేయడం వంటి భయాలు ఇలాంటి ఊహలనుంచే బతుకుతున్నాయని హేతువాదులు అంటారు, అందుకే గ్రహణం రోజున నలుగురిలో నిలబడి ఫలహారం చేసి చూపిస్తారు.

రెండో పక్షం చెప్పేది ఇంకొకటి. ఏ పిల్లా సూత్రం కోసం తల పైకెత్తదు, మామ కోసం ఎత్తుతుంది. పైగా చిన్న వయసులో చంద్రుడికి ప్రాణం ఉందనుకోవడానికి పురాణం అక్కర్లేదు. తాము నడుస్తుంటే చంద్రుడు వెంట వస్తున్నాడని పిల్లలు నమ్ముతారని స్విట్జర్లాండు మనస్తత్వవేత్త జాన్ పియాజే గత శతాబ్దపు తొలి భాగంలోనే గమనించాడు. రైలు కిటికీలోంచి చూస్తే తాటిచెట్లు వెనక్కి పోతాయి, లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడు కదలడు. ఆ కదలకపోవడమే వెంట రావడంగా కనిపిస్తుంది.

మూడో వాదం, కథలన్నీ సంకేత భాషలో రాసిన శాస్త్రమేనన్నది, వినడానికి ఇంపుగానే ఉంటుంది కానీ నాకు రుచించదు. రోహిణి విషయంలో కొంత నిజమైనదాన్ని శమంతకమణికి అంటగడితే కథకూ న్యాయం జరగదు, లెక్కకూ జరగదు. ఒక కథ పిల్లను ఆకాశంకేసి చూసేలా చేస్తోందా, ఆకాశం నుంచి భయంతో దాక్కునేలా చేస్తోందా అన్న తేడా మాత్రం ఎవరైనా గమనించగలిగినదే.

తలకిందులైన కుందేలు

కథలోనూ పాఠంలోనూ లేక, చూస్తేనే తెలిసే సంగతులు కొన్ని ఉన్నాయి. దిగుమతి బొమ్మల పుస్తకాల్లో నెలవంక నిటారుగా, కొడవలిలా నిలబడి ఉంటుంది. మన అక్షాంశాల్లో, ముఖ్యంగా ఉగాది వెళ్లిన ఒకటి రెండు రోజులకు పడమట కనిపించే వంక దాదాపు పడుకుని, పడవలా ఉంటుంది. శివుడి జటలో చిత్రకారులు గీసే వంకకు దగ్గరి పోలిక ఇదే. రంజాన్ నెలవంక కోసం హైదరాబాదు మేడల మీద నిలబడేవారికి ఆ వాలు ఋతువును బట్టి మారడం బాగా తెలుసు. ఆస్ట్రేలియాలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు శుక్లపక్షపు వెలుగు ఎడమవైపు కనిపిస్తుంది, అమ్మమ్మ ఫోనులో చెప్పే వర్ణనకు సరిగ్గా తిరగబడి.

తిరగబడడం చూడడానికి అంత దూరం పోనక్కర్లేదు. మొన్న ఒక పౌర్ణమి సాయంత్రం డాబా మీద మనవరాలికి చూపించిన కుందేలు తూర్పున చెవులు పైకి నిక్కించి కూర్చుని ఉంది. మర్నాడు తెల్లవారుజామున ఊరికి బయల్దేరుతూ పడమటకేసి చూసిన పిల్ల, "తాతయ్యా, దాన్ని ఎవరు తిప్పేశారు?" అంది. నేను ఏమీ చెప్పకుండా పిల్లను ముందు గదిలో నడవమన్నాను, సీలింగుకు అతికించిన పండుగ కాగితపు బొమ్మను చూస్తూ ఈ గోడ నుంచి ఆ గోడకు. మధ్యదాకా వచ్చి తల వెనక్కి వాల్చింది, అటు తిరిగి గోడ చేరింది, బొమ్మ తలకిందులైంది. మళ్లీ వెనక్కి నడిచింది. ఆటో వచ్చి హారన్ కొడుతున్నా ఇంకో రెండుసార్లు నడిచింది.